కాలిన గాయాల తీవ్రత: ‘దగ్ధం’ నుంచి ‘శాతం’ దాకా – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

చర్మం కాలినప్పుడు ఆ గాయం ఎంత తీవ్రమైనదో చెప్పే ప్రమాణాలకు సుదీర్ఘమైన చరిత్ర ఉంది. సుశ్రుతసంహితలోని దగ్ధ విభజన, 17వ శతాబ్దంలో ఐరోపాలో ఏర్పడిన ‘డిగ్రీ’లు, 20వ శతాబ్దంలో స్థిరపడిన ‘శాతం’ ఆ చరిత్రలో మూడు ప్రధాన ఘట్టాలు. ఒక్కొక్క ప్రమాణం ఒక్కొక్క ప్రశ్నకు సమాధానంగా పుట్టింది. తెలుగు వార్తల్లో, సామాన్య వ్యవహారంలో నేడు మిగిలింది ‘శాతం’ ఒక్కటే. తీవ్రతను ఆ ఒక్క అంకెకు కుదించడం వల్ల మరుగున పడుతున్న అంశాలేవో, వైద్యపరంగానూ న్యాయపరంగానూ వాటి ప్రాధాన్యం ఏమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అగ్నికర్మ, ఇతరథాదగ్ధం, ప్లుష్టం, డిగ్రీ, విస్తీర్ణం, శాతం, మరణవాంగ్మూలం.

1. ఉపోద్ఘాతం

అగ్ని చర్మంపై చూపే ప్రభావాన్ని చెప్పడానికి తెలుగులో క్రియలకు కొదవ లేదు. చురుక్కుమనడం, కమలడం, బొబ్బలెక్కడం, కాలడం, మాడడం, బుగ్గికావడం అనే మాటలను వరుసగా పేర్చి చూస్తే అవి ఒక క్రమాన్ని అనుసరిస్తున్నాయని తెలుస్తుంది. క్షణకాలం తగిలిన వేడి నుంచి రూపు లేకుండా పోయేదాకా గల దశలను ఈ క్రియలు సూచిస్తాయి. వైద్యగ్రంథం చదవని గృహిణి సైతం “కమిలింది” అనడానికీ “మాడిపోయింది” అనడానికీ భేదం పాటిస్తుంది. అంటే తీవ్రతను అంచెలుగా గుర్తించే పద్ధతి వ్యవహారభాషలోనే ఉంది.

వైద్యశాస్త్రం ఈ అంచెలను శాస్త్రీయంగా నిర్వచించడానికి పూనుకుంది. చర్మం పొరలుగా ఉంటుంది. పైన పలుచని బాహ్యచర్మం, దాని కింద రక్తనాళాలు, నాడీ అగ్రాలు, రోమమూలాలు, స్వేదగ్రంథులు ఉండే అంతశ్చర్మం, ఆ అడుగున కొవ్వు పొర ఉంటాయి. నష్టం ఏ పొర దాకా చేరిందన్నది మొదటి ప్రశ్న. శరీరంలో ఎంత భాగం కాలిందన్నది రెండవ ప్రశ్న. కాలింది ఎవరికి, దేనివల్ల అన్నది మూడవ ప్రశ్న. ఈ మూడు ప్రశ్నలకూ ఒకే కాలంలో సమాన ప్రాధాన్యం దక్కలేదు. ఏ ప్రశ్న ఎప్పుడు ముందుకు వచ్చింది, అందుకు కారణమేమిటి అన్నదే ఇక్కడ పరిశీలనాంశం.

2. సుశ్రుతసంహితలో దగ్ధ విభజన

సుశ్రుతసంహిత అనేక కాలాల్లో పొరలు పొరలుగా రూపొందిన గ్రంథం. అందులో సూత్రస్థానం 12వ అధ్యాయానికి ‘అగ్నికర్మవిధి’ అని పేరు. ఈ పేరు గమనార్హం. అధ్యాయం ప్రధాన విషయం అగ్నిప్రమాదం కాదు. అగ్నితో చేసే చికిత్స. కాల్చిన శలాకలు మొదలైన సాధనాలతో రోగస్థానాన్ని వైద్యుడు తగుమేరకు కాల్చడమే అగ్నికర్మ. తెలుగునాట వాతలు పెట్టడం, చురకలు పెట్టడం అని వ్యవహరించే నాటువైద్య పద్ధతి దీన్ని పోలినదే. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అనే సామెతలోనూ ఆ మాట నిలిచి ఉంది.

అగ్నికర్మను వివరించే సందర్భంలోనే లోతుకు సంబంధించిన విభజన కనిపిస్తుంది. కొందరి మతం ప్రకారం అగ్నికర్మ త్వగ్దగ్ధం, మాంసదగ్ధం అని రెండు విధాలే. సంహితాకారుడు ఆ మతాన్ని పేర్కొంటూనే సిరలు, స్నాయువులు, సంధులు, అస్థుల విషయంలోనూ అగ్ని నిషిద్ధం కాదని తన నిర్ణయం చెప్పాడు. ఒక్కొక్క ధాతువు కాలినప్పుడు కనిపించే గుర్తులను వేర్వేరుగా ఇచ్చాడు. చర్మం కాలితే శబ్దం, దుర్గంధం, చర్మసంకోచం కలుగుతాయి. మాంసం కాలితే పావురపు రంగు, స్వల్పమైన వాపు, నొప్పి కలిగి గాయం ఎండి ముడుచుకుంటుంది. ఇది కణజాలాన్ని బట్టి చేసిన విభజన.

ఆ తరువాత సంహిత ‘ఇతరథాదగ్ధం’ అనే అంశాన్ని చేపడుతుంది. వైద్యుడు ఉద్దేశించినట్లు కాక మరోవిధంగా కాలినది అని దీని అర్థం. ఆయుర్వేద బోధనలో దీనినే ప్రమాదదగ్ధం అని వ్యవహరిస్తారు. ఇది నాలుగు విధాలు.

మొదటిది ప్లుష్టం. చర్మం రంగు మారి అధికంగా మండుతుంది. రెండవది దుర్దగ్ధం. ఇందులో తీవ్రమైన బొబ్బలు, పీల్చినట్లుండే నొప్పి, మంట, ఎరుపు, చీము కనిపిస్తాయి, ఆలస్యంగా ఉపశమిస్తుంది. మూడవది సమ్యగ్దగ్ధం. మరీ లోతుకు పోక, తాటిపండు రంగులో, సమంగా ఉంటుంది; పూర్వలక్షణాలు కూడా కలిగి ఉంటుంది. నాలుగవది అతిదగ్ధం. మాంసం వేలాడుతుంది, అవయవం పట్టు వదులుతుంది, సిరా స్నాయు సంధి అస్థులు దెబ్బతింటాయి, జ్వరం, దాహం, మూర్ఛ వంటి ఉపద్రవాలు కలుగుతాయి, గాయం చిరకాలానికి గాని మానదు, మానినా చర్మపు రంగు కలవదు.

ఈ నాలుగు పేర్లను పరిశీలిస్తే ఒక విశేషం బయటపడుతుంది. ‘సమ్యక్’ అంటే చక్కగా, తగినట్లుగా అని అర్థం. ప్రమాదవశాత్తు కాలిన శరీరాన్ని ‘చక్కగా కాలినది’ అనడం వింతగా తోస్తుంది. కొలబద్ద ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే ఆ వింత తొలగిపోతుంది. తక్కువగా, చెడ్డగా, సరిగ్గా, అతిగా అనేవి శలాక పట్టిన వైద్యుని పనితీరును అంచనా వేసే మాటలు. చికిత్సలో ఏర్పడిన ప్రమాణాన్నే సంహిత ప్రమాదానికీ అన్వయించింది. అందువల్ల ఇక్కడ తీవ్రత అంటే తగిన మేరను దాటడం అని అర్థం చేసుకోవాలి. దీనికి ముందరి 11వ అధ్యాయంలో క్షారంతో చేసే చికిత్స గురించి చెప్పేటప్పుడు కూడా సమ్యక్, హీన, అతి అనే ఇటువంటి కొలతే కనిపించడం ఈ అభిప్రాయాన్ని బలపరుస్తుంది.

కారణాన్ని బట్టి తీవ్రత మారుతుందన్న ఎరుక కూడా ఈ అధ్యాయంలో ఉంది. అగ్ని రూక్షద్రవ్యాన్ని గాని స్నిగ్ధద్రవ్యాన్ని గాని ఆశ్రయించి కాలుస్తుంది. కాగిన నూనె, నెయ్యి వంటివి సూక్ష్మసిరలను అనుసరించి త్వరగా లోపలికి చేరతాయి కనుక వాటివల్ల కాలినప్పుడు బాధ ఎక్కువని వివరణ. చర్మాన్ని అంటిపెట్టుకొని ఉండే నూనె నీటికన్నా ఎక్కువ వేడిని మోయగలదనే నేటి వివరణ వేరు. నూనె ఎక్కువ హాని చేస్తుందన్న పరిశీలన మాత్రం ఒకటే. పొగవల్ల పీడితుడైన ధూమోపహతుని లక్షణాలను విడిగా చెప్పడం మరొక విశేషం. శ్వాసకష్టం, దగ్గు, కళ్లు ఎర్రబడి మండడం, వాసన, రుచి తెలియకపోవడం, మూర్ఛ అందులో ఉన్నాయి. పిడుగువంటి అతితేజస్సువల్ల దగ్ధుడైనవానికి చికిత్స ఫలించదని చెప్పి, అటువంటివాడు బతికి ఉంటే మాత్రం చికిత్స చేయవలసిందేనని సంహిత ఆదేశించింది.

చికిత్సాభాగాన్ని మాత్రం చారిత్రక దృష్టితోనే చదవాలి. ప్లుష్టానికి వేడి ఉపచారం చేయాలని సంహిత చెబుతుంది. చల్లదనంవల్ల రక్తం గడ్డకడుతుందన్నది దానికి చూపిన హేతువు. కాలిన వెంటనే దాదాపు 20 నిమిషాలు చల్లని పారే నీటి కింద ఉంచాలన్న నేటి ప్రథమచికిత్సా సూత్రానికి ఇది విరుద్ధం. విభజనలోని సూక్ష్మత చికిత్సలోని ప్రామాణికతకు హామీ కాదని ఈ వైరుధ్యం తెలుపుతుంది.

3. ఐరోపాలో ‘డిగ్రీ’ ప్రమాణం

ఐరోపాలో కాలిన గాయాలకు అంచెలు ఏర్పరచిన తొలి ప్రసిద్ధ గ్రంథం 1607లో బాసెల్‌లో వెలువడిన ‘డె కంబస్టియోనిబస్’. గ్రంథకర్త జర్మన్ శస్త్రవైద్యుడు విల్‌హెల్మ్ ఫాబ్రీ (1560–1634). హిల్డెన్‌లో పుట్టినందువల్ల ఫాబ్రిసియస్ హిల్డానస్ అని ప్రసిద్ధి పొందాడు. ఆయన మూడు డిగ్రీలను గుర్తించాడు. ఎరుపు, బొబ్బలు మొదటిది. చర్మం బొగ్గు కాకుండా వాడిపోవడం రెండవది. మాడి పెచ్చుకట్టడం మూడవది. వైద్యుని ఉద్దేశంతో ఈ విభజనకు సంబంధం లేదు. అగ్ని శరీరంలోకి ఎంత దిగిందన్నదే ఇందులో ప్రధానం.

రెండు శతాబ్దాల తరువాత, 1832లో, పారిస్ శస్త్రవైద్యుడు గియోమ్ డ్యుపుయిట్రాన్ ఆరు డిగ్రీల పద్ధతిని ప్రచురించాడు. ఎరుపు, బొబ్బ, అంతశ్చర్మం పైభాగపు నాశనం, చర్మమంతటి నాశనం, కండరాల దాకా నష్టం, అవయవం పూర్తిగా బొగ్గుకావడం అనేవి ఆ ఆరు. శరీరనిర్మాణశాస్త్రం వృద్ధి చెందిన కొద్దీ అంచెలు కూడా పెరిగాయన్నమాట. నేటి వైద్యంలో ఉపరితల, పాక్షిక మందపు, పూర్తి మందపు గాయాలనే వ్యవహారం ఎక్కువ. పాక్షిక మందంలో మళ్లీ పైపై, లోతు అనే భేదం ఉంది. ఈ భేదానికి ప్రయోజనం స్పష్టం. రోమమూలాలు, స్వేదగ్రంథులు మిగిలితే వాటి అంచుల నుంచి చర్మం తిరిగి పుడుతుంది. అవి కూడా నశిస్తే వేరొకచోటి నుంచి చర్మం తెచ్చి అతకవలసి వస్తుంది.

లోతు కొలతలో లోకానుభవానికి విరుద్ధంగా తోచే అంశం ఒకటి ఉంది. పైపైన కాలితే విపరీతమైన మంట ఉంటుంది. పూర్తి మందం కాలినచోట నాడీ అగ్రాలు నశించి స్పర్శ తెలియదు. అందువల్ల నొప్పి లేదనడం గాయం చిన్నదనడానికి నిదర్శనం కాదు. చాలా సందర్భాల్లో అది అతిలోతైన గాయానికి సూచన.

4. లోతు నుంచి విస్తీర్ణానికి

డిగ్రీలు గాయాన్ని వర్ణించగలిగాయి గాని ఒక ప్రశ్నకు సమాధానం చెప్పలేకపోయాయి. చర్మం మాత్రమే కాలిన మనిషి, ఏ ముఖ్యావయవానికీ దెబ్బ తగలకుండానే, రెండు మూడు రోజుల్లో ఎందుకు మరణిస్తున్నాడు? లండన్ శస్త్రవైద్యుడు థామస్ బ్లిజార్డ్ కర్లింగ్ 1842లో కాలిన రోగుల ఆంత్రమూలంలో పుండ్లు ఏర్పడడాన్ని వర్ణించాడు. నష్టం చర్మానికే పరిమితం కాదనడానికి అది స్పష్టమైన సూచన. అయినా కాలిన చర్మం నుంచి ఏదో విషం పుట్టి శరీరమంతటా వ్యాపిస్తుందన్న ఊహ చాలాకాలం బలంగా ఉండిపోయింది.

ఈ ఊహను కదిలించినవి అగ్నిప్రమాదాలే. 1921 నవంబరు 27న అమెరికాలోని న్యూహేవెన్‌లో రియాల్టో థియేటర్ కాలిపోయింది. ఆ క్షతగాత్రులను పరిశీలించిన యేల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఫ్రాంక్ అండర్‌హిల్ బొబ్బల్లోని ద్రవం రక్తంలోని ప్లాస్మాను పోలి ఉందని గుర్తించాడు. రక్తనాళాల్లోని ద్రవం కాలిన చోటుకు ఊరిపోవడంవల్ల రక్తం చిక్కబడి, ప్రసరణ కుంటుపడి రోగి కుప్పకూలుతున్నాడని దీనినుంచి తేలింది. ద్రవం ఎంత పోతుందన్నది ఎంత మేర కాలిందన్నదానిపై ఆధారపడుతుంది. విస్తీర్ణాన్ని కొలవడం అప్పుడు అనివార్యమైంది. 1924లో బెర్కో అనే వైద్యుడు శరీరభాగాల ఉపరితల నిష్పత్తులను బట్టి విస్తీర్ణాన్ని అంచనా వేసే పద్ధతిని ప్రచురించాడు.

1942 నవంబరు 28న బోస్టన్‌లోని కోకోనట్ గ్రోవ్ అనే విందుశాల అగ్నికి ఆహుతై 492 మంది మరణించారు. ఆ నగరపు ఆసుపత్రుల అనుభవం కాలిన గాయాల వైద్యాన్ని మలుపు తిప్పింది. మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వైద్యులు ఆలివర్ కోప్, ఫ్రాన్సిస్ మూర్ కాలిన విస్తీర్ణాన్ని బట్టి ద్రవమోతాదును లెక్కించే విధానాన్ని అభివృద్ధి చేశారు. 1944లో లండ్, బ్రౌడర్ వయస్సును బట్టి శరీరభాగాల వాటా మారే పటాన్ని ప్రచురించారు. పసిబిడ్డకు తల పెద్దది, కాళ్లు చిన్నవి కనుక పెద్దల లెక్క పిల్లలకు సరిపోదు.

1951లో అలెగ్జాండర్ వాలెస్ ప్రచురించిన ‘తొమ్మిదుల సూత్రం’ ఈ లెక్కను అందరికీ అందుబాటులోకి తెచ్చింది. పెద్దవారిలో తలకు 9, ఒక్కొక్క చేతికి 9, మొండెం ముందుభాగానికి 18, వెనుకభాగానికి 18, ఒక్కొక్క కాలికి 18, జననాంగ ప్రాంతానికి 1 శాతం చొప్పున కూడితే 100 అవుతుంది. వేళ్లతో సహా రోగి అరచేయి దాదాపు 1 శాతం. 1968లో బాక్స్‌టర్, షైర్స్ ప్రతిపాదించిన పార్క్‌లాండ్ సూత్రం ఈ శాతాన్ని నేరుగా ద్రవమోతాదుగా మార్చింది. కిలో బరువుకు, కాలిన ఒక్కొక్క శాతానికి 4 మిల్లీలీటర్ల చొప్పున మొదటి 24 గంటల్లో ఇవ్వవలసిన ద్రవాన్ని లెక్కించాలి. అందులో సగం కాలిన సమయం నుంచి మొదటి 8 గంటల్లోనే చేరాలి. 60 కిలోల మనిషికి 40 శాతం కాలితే ఇది 9600 మిల్లీలీటర్లు. శాతం చికిత్సకు సాధనంగా పుట్టిందని ఈ లెక్క స్పష్టం చేస్తుంది. రోగికి ఎంత ద్రవం అవసరమో చెప్పడమే దాని తొలి ప్రయోజనం.

5. శాతానికి అందని అంశాలు

శాతం స్థిరపడుతున్న కాలంలోనే దాని పరిమితులు కూడా వెల్లడయ్యాయి. 1953లో బర్మింగ్‌హామ్ శస్త్రవైద్యుడు డగ్లస్ జాక్సన్ కాలిన గాయంలో మూడు మండలాలను గుర్తించాడు. నడుమ పూర్తిగా నశించిన భాగం, దాని చుట్టూ రక్తప్రసరణ మందగించిన భాగం, ఆ వెలుపల ఎర్రబారి తిరిగి కోలుకునే భాగం ఉంటాయి. నడిమి అంచు భవిష్యత్తు మొదటి ఒకటి రెండు రోజుల సంరక్షణపై ఆధారపడుతుంది. మొదటిరోజు చూసిన లోతు చివరి లోతు కాదు. తీవ్రత కాలంతో మారే గుణం కూడా అని ఈ పరిశీలన నిరూపించింది.

కారణాన్ని బట్టి కూడా శాతం తప్పుదారి పట్టిస్తుంది. అధిక వోల్టేజి విద్యుత్తు ప్రవేశించినచోట, వెలువడినచోట చిన్న గాయాలే కనిపిస్తాయి. లోపల కండరాలు, రక్తనాళాలు నశించి ఉండవచ్చు. ఆమ్లం సాధారణంగా కణజాలాన్ని గడ్డకట్టించి తనకు తానే కొంత అడ్డుకట్ట వేసుకుంటుంది. క్షారం కణజాలాన్ని కరిగిస్తూ ఇంకా లోపలికి దిగుతుంది. వేడినీళ్ల విషయంలో ఉష్ణోగ్రతతోపాటు తాకిన వ్యవధి కూడా ముఖ్యం. 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ జరిపిన ప్రయోగాల్లో 44 డిగ్రీల సెల్సియస్ వద్ద చర్మం దెబ్బతినడానికి సుమారు 6 గంటలు పట్టగా, 60 డిగ్రీల వద్ద కొద్ది సెకన్లే సరిపోయాయి.

ఇక కాలింది ఎవరికి అన్న ప్రశ్న. ఫ్రెంచి వైద్యుడు సెర్జ్ బో 1961లో వయస్సును, కాలిన శాతాన్ని కూడి ప్రాణాపాయాన్ని అంచనా వేసే సూచిక ప్రతిపాదించాడు. 2010లో ఆస్లర్ బృందం దాన్ని సవరించి, పొగ పీల్చి శ్వాసమార్గం దెబ్బతింటే మరో 17 కలపాలని సూచించింది. ధూమోపహతుని విడిగా లెక్కించిన సుశ్రుతసంహిత పరిశీలనకు ఇంతకాలానికి ఒక అంకె దొరికిందన్నమాట. మరోవైపు 1970లో స్లొవేనియాకు చెందిన జోరా యాన్జెకోవిచ్ నశించిన పొరను తొలిరోజుల్లోనే కోసి చర్మం అతికే పద్ధతిని లోకానికి తెలిపింది. చికిత్స మెరుగుపడిన కొద్దీ ఒకే శాతానికి ఒక తరంలో ఉన్న అర్థం మరో తరంలో మారిపోయింది.

6. తెలుగు వ్యవహారంలో, న్యాయప్రక్రియలో తీవ్రత

తెలుగు వార్తారచనలో ‘తొంభై శాతం కాలిన గాయాలతో’ అన్నది స్థిరపడిన పదబంధం. దీన్ని విన్న పాఠకుడు ఆ వ్యక్తి పది శాతమే మిగిలినట్లు గ్రహిస్తాడు. లోతు ఎంతో, వయస్సు ఎంతో, పొగ పీల్చారో లేదో అందులో ఉండదు. కేవలం ఎర్రబడిన చర్మాన్ని వైద్యులు శాతంలో లెక్కించరన్నది సామాన్య పాఠకునికి తెలియదు. ద్రవమోతాదు కోసం పుట్టిన అంకె వార్తలో తీర్పుగా మారింది. 40 శాతం అన్న మాట విని బంధువులు ఆశ వదులుకోవడమూ, 10 శాతమే కదా అని వృద్ధుల గాయాన్ని తేలికగా తీసుకోవడమూ ఈ మార్పువల్ల కలిగే అనర్థాలే.

కారణాన్ని చెప్పే తీరులో భాష పాత్ర మరింత కీలకమైంది. తెలుగులో ‘కాలు’, ‘అంటుకొను’ అనేవి అకర్మకాలు. ‘కాల్చు’, ‘అంటించు’ అనేవి సకర్మకాలు. ‘నిప్పంటుకుంది’ అంటే కర్త అగ్ని. ‘నిప్పంటించారు’ అంటే కర్త మనిషి. ‘స్టౌ పేలి నిప్పంటుకుని’ అనే వాక్యంలో మనిషి అనే కర్తకు చోటే లేదు. ‘ప్రమాదం’ అనే మాటకు సంస్కృతంలో ఏమరుపాటు అని అర్థం. తెలుగులో అది దుర్ఘటన, అపాయం అనే అర్థాల్లో స్థిరపడింది. ఏమరింది ఎవరన్న ప్రశ్న ఆ అర్థవిపరిణామంలో జారిపోయింది. సుశ్రుతుని ‘ఇతరథా’ అనే వర్గంలోనూ పొరపాటుకూ హింసకూ భేదం లేదు. వైద్యునికి ఆ భేదం అనవసరం కావచ్చు. న్యాయస్థానానికి అదే ప్రధానం.

1860 నాటి భారత శిక్షాస్మృతి తీవ్రగాయాన్ని ఎనిమిది విధాలుగా నిర్వచించింది. వాటిలో కాలిన గాయం పేరుతో లేదు. ముఖం లేదా తల శాశ్వతంగా వికృతం కావడం మాత్రం ఉంది. 1986లో చేర్చిన 304–బి సెక్షన్ వరకట్న మరణాన్ని నిర్వచిస్తూ, వివాహమైన ఏడేళ్లలోపు స్త్రీ మరణానికి దారితీసే కారణాల్లో కాలిన గాయాలను మొట్టమొదట పేర్కొన్నది. 2013లో చేర్చిన 326–ఎ సెక్షన్ ఆమ్లదాడికి కనీసం పదేళ్ల శిక్ష విధిస్తూ, కలిగిన నష్టం తిరిగి బాగుకానిది కానక్కరలేదని వివరణ ఇచ్చింది. చట్టం ఇక్కడ తీవ్రతను లోతుతోనో శాతంతోనో కొలవలేదు; చేసిన పనిని బట్టి కొలిచింది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయసంహితలోనూ ఈ నేరాలు కొనసాగుతున్నాయి.

వైద్యమూ న్యాయమూ కలిసే చోటు మరణవాంగ్మూలం. 1872 నాటి సాక్ష్య చట్టం 32వ సెక్షన్ దీనికి ప్రామాణ్యం ఇచ్చింది. తీవ్రంగా కాలిన మనిషి తొలి గంటల్లో తరచు స్పృహలోనే ఉండి స్పష్టంగా మాట్లాడగలుగుతాడు. శ్వాసమార్గం వాచి గొట్టం వేయవలసి వచ్చాక ఆ మాట ఉండదు. అంత ఎక్కువ శాతం కాలినవారు వాంగ్మూలం ఇవ్వగలరా అన్న వాదం న్యాయస్థానాల్లో పలుమార్లు వచ్చింది. శాతం శరీర విస్తీర్ణానికి కొలత, మనఃస్థితికి కాదు. 2002లో లక్ష్మణ్ వర్సెస్ మహారాష్ట్ర రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం వాంగ్మూలం ఇచ్చిన వ్యక్తి మానసికంగా సమర్థస్థితిలో ఉన్నట్లు నమోదు చేసిన మేజిస్ట్రేట్‌కు సంతృప్తి కలిగితే, వైద్యుని ధ్రువపత్రం లేదన్న ఒక్క కారణంతో దాన్ని తిరస్కరించనక్కరలేదని తేల్చింది. ఆ తొలి గంటల్లో బాధితురాలు పలికిన క్రియ ‘అంటుకుంది’ అని నమోదవుతుందా, ‘అంటించారు’ అని నమోదవుతుందా అన్నదానిపై కేసు గతి ఆధారపడుతుంది.

7. ముగింపు

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి. సుశ్రుతసంహితలోని చతుర్విధ విభజన అగ్నికర్మ అనే చికిత్స నుంచి పుట్టింది. ‘సమ్యక్’ అనే మాటే దానికి ఆధారం. ఐరోపా డిగ్రీలు ఆ కొలతను వైద్యుని చేతి నుంచి కణజాలపు లోతుకు మార్చాయి. 20వ శతాబ్దపు అగ్నిప్రమాదాల అనుభవం కాలిన గాయాన్ని యావత్ శరీరానికి సంబంధించిన వ్యాధిగా నిరూపించి విస్తీర్ణాన్ని ముందుకు తెచ్చింది. కొత్త ప్రమాణం వచ్చినప్పుడు పాతది రద్దు కాలేదు. లోతు, మేర, వయస్సు, పొగ, కారణం అనేవన్నీ కలిస్తేనే తీవ్రత తెలుస్తుంది.

తెలుగు వ్యవహారం ఈ చరిత్రలో చివరి అంకెను మాత్రమే స్వీకరించింది. కమలడం నుంచి మాడడం దాకా లోతును చెప్పే క్రియలూ, అంటుకోవడానికీ అంటించడానికీ భేదం చెప్పే వ్యాకరణమూ తెలుగుకు ఉన్నాయి. వైద్యవార్తలు రాసేవారు, వాంగ్మూలాన్ని నమోదు చేసేవారు, దాన్ని మరో భాషలోకి అనువదించేవారు ఆ భేదాలను చెదరనీయకుండా నిలిపినప్పుడే శాతం తన అసలు స్థానంలో, అంటే చికిత్సకు ఉపకరించే ఒక కొలతగా నిలుస్తుంది.